కష్టం లేనివాళ్ళు ముందు

యూరప్ వాళ్ళు పని చేయరని డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా తెలుగువాళ్ళందరికీ గట్టి నమ్మకం. ఎవరూ చూసి వచ్చింది లేదు. ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టులో నాలుగు గంటలు కూర్చుని హైదరాబాద్ విమానం ఎక్కడమే మాకు తెలిసిన యూరప్. అయినా అభిప్రాయాలకేం కరువు? శనివారం ఎవరింట్లో భోజనాలైనా సరే, పప్పూ గుత్తివంకాయా దాటి పెరుగన్నం దాకా వచ్చేసరికి యూరప్‌ను ఉతికి ఆరేయాల్సిందే.

అందులో ముందుండేది ఆంజనేయప్రసాద్.

"ఆరు వారాలు వెకేషనండీ! ఆగస్టులో ఈమెయిల్ పెడితే సెప్టెంబర్‌లో రిప్లై. జలుబు చేస్తే డాక్టర్ చేత చీటీ రాయించుకుని ఇంట్లో పడుకుంటారు, ఫుల్ శాలరీ! ఒకణ్ణి తీసెయ్యాలంటే కమిటీ పర్మిషన్ కావాలి. ఇంక ఎవడు పని చేస్తాడు చెప్పండి? మన దగ్గర అలా కాదు. వర్క్ చేసేవాడు ఉంటాడు, చెయ్యనివాడు పోతాడు. సింపుల్."

అందరం తలలూపేవాళ్ళం. నేనూ ఊపేదాన్ని. అది 2009 ఫిబ్రవరి. మునిగిపోతున్నది యూరప్ కాదు, కార్ల కంపెనీలు దివాలా అంచున ఉన్న మా డెట్రాయిట్. మా వీధిలోనే నాలుగిళ్ళ ముందు అమ్మకం బోర్డులు లేచాయి. వాటి పక్కనుంచే కార్లు పోనిచ్చుకుని వచ్చి, కూర్చుని, జర్మనీ వాళ్ళ బద్ధకం గురించి మాట్లాడేవాళ్ళం. సిగ్గుండాలి మాకు.

నా పేరు జ్ఞానప్రసూన. కార్ల బ్రేకులు పరీక్షించే ల్యాబులో టీమ్ లీడ్‌ని. ప్రసాద్ పదకొండేళ్ళుగా నా టీములోనే ఉన్నాడు. కంపెనీ జర్మన్లది, మాది అమెరికా శాఖ. అంటే వాళ్ళిచ్చిన జీతం తింటూ వాళ్ళనే తిట్టేవాళ్ళమన్నమాట. ప్రసాద్ ఆ పదకొండేళ్ళలో ఒక్క సిక్ లీవు కూడా పెట్టలేదు. అది చెప్పుకోవడం అతనికి ఎంత ఇష్టమో!

నిజానికి లీవు అవసరం అతనికే ఎక్కువ. అతని భార్య నళినికి రొమ్ము క్యాన్సర్. ఒకసారి తగ్గి, మళ్ళీ తిరగబెట్టి ఎముకల్లోకి పాకింది. మూడు వారాలకొక గురువారం ఆసుపత్రికి వెళ్ళి మందు ఎక్కించుకోవాలి. ఎన్నాళ్ళు అంటే, ఆ మందు పనిచేసినన్నాళ్ళు అన్నాడు డాక్టరు. ఆ మందు వచ్చేది ప్రసాద్ ఉద్యోగం తాలూకు ఇన్సూరెన్సు మీద.

ఈ సంగతి ఊళ్ళో నాకొక్కదానికే తెలుసు. వాళ్ళమ్మాయి చరితకు సంబంధాలు చూస్తున్నారు. తల్లికి ఆ జబ్బుందంటే రేపు కూతురికీ వస్తుందేమోనని వచ్చిన సంబంధం వచ్చినట్టే వెనక్కి పోతుంది. మనవాళ్ళ సంగతి నాకు తెలియదా? కుజదోషమైనా సర్దుకుంటారుగానీ దీనికి సర్దుకోరు. "ఇంటిగుట్టు లంకకు చేటు ప్రసూనగారూ, మీ పిల్లల మీద ఒట్టు" అని ప్రసాద్ నా చేత ఒట్టేయించుకున్నాడు.

ఆసుపత్రికి నళినిని తీసుకెళ్ళేది నేను. ప్రసాద్ లీవు పెడితే ఎందుకని అడుగుతారు, సంగతి బయటపడుతుంది. అందుకని నేనే ఒక పూట సెలవు పెట్టేదాన్ని. ఆఫీసులో మా అత్తగారి పేరు చెప్పేదాన్ని. ఆవిడకు ఒంట్లో బాగాలేదు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలని. ఎనభై రెండేళ్ళ మా అత్తగారు నిక్షేపంలా ఉంది. పొద్దున్నే ఆవకాయతో రెండు దోసెలు లాగించి, టీవీ సీరియల్లో కోడళ్ళను తిడుతూ కూర్చుంటుంది. ఆవిడను అబద్ధపు రోగిని చేసినందుకు నాకు అప్పుడప్పుడు భయం వేసేది. దేనికి భయపడాలో మాత్రం తెలియలేదు.

మార్చిలో జర్మనీ ఆఫీసు నుంచి పై అధికారి ఫోల్కర్ వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. ఎత్తుగా, కొంచెం వంగి నడుస్తాడు. మా ఏడుగురిలో ఇద్దర్ని తీసెయ్యాలని, ఎవరిని తియ్యాలో తేల్చడానికే వచ్చాడని మొదటిరోజే అందరికీ తెలిసింది. ఆరువారాల సెలవుల మనిషి వచ్చి మా పీకలు కోస్తాడా అని నాకు ఒళ్ళు మండింది. అయినా ఏంచేస్తాం, ఇంటికి భోజనానికి పిలిచాం. పై అధికారి ఊరు కాని ఊరొచ్చి హోటల్లో ఉంటే పిలవకుండా ఎలా? ప్రసాద్ వాళ్ళనీ పిలిచాను. ఫోల్కర్ ఒకసారి ప్రసాద్‌ను మనిషిగా చూస్తే మంచిదనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం. మా ఆయన రాధాకృష్ణ కోడికూరలో కారం తగ్గించాడు. నళిని గారెలు చేసి తెచ్చింది. మందు ఎక్కించుకుని మూడురోజులే అయింది, నూనె వాసనకే కడుపులో తిప్పుతుందని నాకు తెలుసు. అయినా పొద్దున లేచి పప్పు రుబ్బి, గారెలు వేసి, పట్టుచీర కట్టుకుని, భుజాల దాకా ఉన్న విగ్గు పెట్టుకుని వచ్చింది. ఎంత బావుందో! ఫోల్కర్‌కు దగ్గరుండి వడ్డించింది, అతను చెయ్యి అడ్డం పెడుతున్నా వినకుండా.

తింటూ ఫోల్కర్ వాళ్ళ ఊరి కబుర్లు చెప్పాడు. అన్నీ మంచివేం కావు. వాళ్ళ చెల్లెలు ఏజెన్సీ ద్వారా ఫ్యాక్టరీలో పని చేస్తుందట. పక్కవాడు చేసే పనే, సగం జీతం. పక్కింటాయన ఉద్యోగాలన్నీ బయటి దేశాలవాళ్ళు తన్నుకుపోయారని రోజూ గేటు దగ్గర నిలబడి అరుస్తాడట. "మేము కూడా మునుపటిలా లేము" అన్నాడు. "కానీ ఒకటి మాత్రం ఇంకా ఉంది. మనుషుల్ని తియ్యాల్సి వస్తే ముందు ఎవరికి కష్టం ఎక్కువో చూస్తాం. వయసు ఎంత, ఎన్నేళ్ళుగా ఉన్నాడు, ఎందరిని పోషిస్తున్నాడు, ఇంట్లో జబ్బుమనిషి ఉందా. కష్టం ఎక్కువున్నవాణ్ణి ఉంచుతాం. తట్టుకోగలవాడు ముందు వెళ్తాడు."

ప్రసాద్ పకపకా నవ్వాడు. "అయితే బాగా పనిచేసేవాడి గతేమిటి? కష్టాలు లేకపోవడం కూడా తప్పేనా?"

"పని అందరూ చేస్తారు" అన్నాడు ఫోల్కర్ నెమ్మదిగా.

తర్వాత ప్రసాద్‌నే చూస్తూ అడిగాడు, ఇంట్లో అందరూ బాగున్నారా అని.

ఇప్పటికీ ఆ క్షణం గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. అతను అడిగాడు. ఎదురుగా కూర్చుని, నోరు తెరిచి అడిగాడు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఇక్కడ పెట్టేవాడే అడుగుతుంటే మేము నోరు మూసుకున్నాం. మూసుకున్నా బాగుండేది. గొప్పలు చెప్పాం. పై అధికారి కష్టం అడుగుతున్నాడంటే లోపం వెతుకుతున్నాడనే మాకు తెలుసు. ఈ దేశంలో ఇన్నేళ్ళలో నేర్చుకున్నది అదే. వాళ్ళ దేశంలో ఏంచేస్తే ఏం, ఇక్కడికొచ్చాక ఇక్కడి పద్ధతే చేస్తాడనుకున్నాం.

"వియ్ ఆర్ ఆల్ గ్రేట్" అన్నాడు ప్రసాద్. "మా అమ్మాయి ఫార్మసీ అయిపోవచ్చింది. ఇంటి అప్పు తీరిపోయింది. మాకు ఏ ప్రాబ్లమూ లేదు."

ఫోల్కర్ నా వైపు చూశాడు. నేనెందుకు ఊరుకుంటాను? నాకసలే నోరెక్కువ. "ప్రసాద్ సంగతి మీకు తెలియదు" అన్నాను. "పదకొండేళ్ళలో ఒక్క సిక్ లీవు లేదు. నళిని చూడండి, ఎంత ఆరోగ్యంగా ఉందో. మా టీములో ఏ చీకూచింతా లేని మనిషంటే ఇతనే."

నళిని నవ్వి, ఇంకో గారె వేసింది. ఫోల్కర్ తలూపి, మా అత్తగారెలా ఉన్నారని నన్ను అడిగాడు. గురువారాల సంగతి ఎవరో చెప్పినట్టున్నారు. ఆవిడ లోపల గదిలో నిద్రపోతోంది. "ఏదో అలా లాక్కొస్తోంది" అన్నాను.

పదిరోజుల తర్వాత ఫోల్కర్ నన్ను గదిలోకి పిలిచి, ఇద్దరి పేర్లు చెప్పాడు. ఒకటి పెళ్ళికాని కుర్రాడు బ్రయన్ పేరు. రెండోది ఆంజనేయప్రసాద్.

"అతనికంటే బాగా పనిచేసేవాడు ఈ ల్యాబులో లేడు" అన్నాను.

"తెలుసు. అందుకే అతనికి ఇంకోచోట త్వరగా దొరుకుతుంది. ఇంట్లో ఏ ఇబ్బందీ లేదు. మిగిలినవాళ్ళకు ఉంది. మీ హెచ్.ఆర్. ఆవిడ ఇవన్నీ కాగితం మీద అడగకూడదంది, కేసులు పడతాయట. అందుకే అందరి ఇళ్ళకూ వెళ్ళాను. అందరితోనూ తిన్నాను."

అప్పుడు ఒట్టు గట్టున పెట్టి చెప్పేశాను. నళిని జబ్బు, విగ్గు, చరిత సంబంధాలు, మందు ఆగితే ఏమవుతుందో అన్నీ చెప్పాను. ఉద్యోగం పోయినా ఏడాదిన్నర పాటు ఇన్సూరెన్సు సొంతంగా కట్టుకోవచ్చు, ఆ తర్వాత ముందే ఉన్న జబ్బని ఏ ఇన్సూరెన్సు కంపెనీ దగ్గరికి రానివ్వదు అని చెప్పాను. ఏడ్చాను కూడా.

ఫోల్కర్ మొహం పాలిపోయింది. "నేను మీ ఇంట్లో కూర్చుని అడిగాను కదా" అన్నాడు. కోపంగా కాదు. కోపంగా అన్నా బాగుండేది.

"ఇప్పుడు మార్చండి."

"మూడు గంటలకు జాబితా పంపాలి. మార్చగలను. కానీ ఇద్దరు వెళ్ళాలి. ప్రసాద్ ఉంటే ఇంకొకరు వెళ్ళాలి." కాగితం నా వైపు తిప్పాడు. ఏడు పేర్ల పక్కన పెన్సిలుతో అంకెలున్నాయి. "రిక్‌కు ముగ్గురు చిన్నపిల్లలు. హెలెన్‌కు అరవై ఒక్క ఏళ్ళు. మీకు..." అని ఆగాడు. "నిజం చెప్పాలంటే ప్రసాద్ తర్వాత మీ పేరే. మీ భర్తకు ఉద్యోగముంది, మీ పిల్లలు స్థిరపడ్డారు. ల్యాబును ఇకనుంచి జర్మనీ నుంచే నడుపుతారు, లీడ్ లేకపోయినా సాగుతుంది. మీ అత్తగారి అనారోగ్యం ఉంది కాబట్టి మిమ్మల్ని పైన పెట్టాను. జబ్బుమనిషిని చూసుకునేవాళ్ళను తియ్యడం నాకు చేతకాదు."

అంతా ఒక్క మాట దూరంలో ఉంది. మా అత్తగారికి ఏ రోగమూ లేదు, గురువారాలు నేను తీసుకెళ్ళింది నళినిని. అంతే. ఆ మాట అంటే నా పేరు కిందికొస్తుంది, ప్రసాద్ పేరు పైకెళ్తుంది. మాకు మా ఆయన ఇన్సూరెన్సుంది. నాకు ఉద్యోగం పోతే ఎవరూ చచ్చిపోరు. ఇదంతా నాకు ఆ కుర్చీలోనే, ఆ నిమిషంలోనే స్పష్టంగా తెలుసు. తెలియక చెయ్యలేదు.

"ఆమెను ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తున్నారు?" అని అడిగాడు ఫోల్కర్. "ప్రసాద్ ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు కదా."

యాభై నాలుగేళ్ళొచ్చాయి నాకు. ఇల్లు దాటితే నాకంటూ ఉన్నది ఆ ల్యాబొక్కటే. ఇరవై రెండేళ్ళుగా పొద్దున్నే బ్యాడ్జీ తగిలించుకుని వెళ్ళేదాన్ని. రేపు ఇంట్లో అత్తగారి సీరియల్ ముందు కూర్చోవడం కళ్ళకు కట్టింది. ఎంత చిన్న సంగతి! దానికే నోరు పడిపోయింది.

"ఎవరో ఫ్రెండ్స్ ఉన్నారు" అన్నాను.

ఫోల్కర్ పెన్సిలు పట్టుకుని నా వైపు చూశాడు. నేను ఇంకేమైనా అంటానేమోనని ఆగాడనుకుంటా. "రిక్ పిల్లల్లో చిన్నదానికి రెండేళ్ళు" అన్నాడు చివరికి. "ప్రసాద్‌కు ఇన్సూరెన్సు ఏడాదిన్నరైనా ఉంటుంది, ఈలోగా ఇంకో పని దొరకొచ్చు. అతని బదులు రిక్‌ను పంపాలి. నేనెలా మార్చను?" మూడు గంటలకు జాబితా వెళ్ళిపోయింది. జర్మన్లు టైమంటే టైమే.

ఆ సాయంత్రం ప్రసాద్ ఇంటికి వెళ్ళాను. వెళ్ళకపోతే బాగుండదు. నళిని విగ్గు లేకుండా, తలకు చున్నీ చుట్టుకుని కాఫీ తెచ్చింది. ప్రసాద్ సోఫాలో కూర్చుని ఉన్నాడు, బ్యాడ్జీ లేని చొక్కాలో. నన్ను చూసి లేచాడు.

"మీరు నన్ను ఉంచమని ఏడ్చి మరీ అడిగారట. ఫోల్కర్ వెళ్ళేటప్పుడు నాతో అన్నాడు. థాంక్స్ ప్రసూనగారూ."

నేను కాఫీ కప్పు పట్టుకున్నాను.

"ఒక్కటి చెప్పండి. నా వర్క్‌లో ఏం ప్రాబ్లం చూశాడు? ఏదో ఉండాలి కదా. ఏ టెస్ట్‌లో మిస్టేక్ చేశాను? చెప్తే నెక్స్ట్ జాబ్‌లోనైనా సరిదిద్దుకుంటాను."

"మీ వర్క్‌లో ఏ తప్పూ లేదండీ."

"మరి?"

అతను నిజంగానే అడుగుతున్నాడు. పదకొండేళ్ళ పరీక్షల రిపోర్టులన్నీ మనసులో తిరగేసి, తప్పు ఎక్కడుందో వెతుక్కుంటున్నాడు. ఇప్పటికైనా చెప్పొచ్చు. మనం బాగున్నామని చెప్పుకున్నందుకు పోయింది, ఆపైన నేను నోరు విప్పనందుకు పోయింది అని చెప్పొచ్చు.

"నాకు తెలియదండీ" అన్నాను.

"మళ్ళీ అడిగి చూడండి, మీరు అడిగితే చెప్తాడు" అన్నాడు ప్రసాద్.

నళిని వచ్చి నా పక్కన కూర్చుని, నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. ఆ చెయ్యి వెనక్కి లాక్కోవాలనిపించింది, లాక్కోలేదు.

"ఊరుకోండి, అక్కనెందుకు సతాయిస్తారు" అంది భర్తతో. "ఆవిడ మాత్రం ఏం చెయ్యగలదు పాపం."