నార్వే క్లబ్బు మైదానం

మలయాలో సుంగై పెటాని పట్నానికి పది మైళ్ళ దూరంలోని ఆ రబ్బరు తోటలో ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టినవాడు నార్వే దేశస్థుడు. పేరు హాన్సెన్. ఫ్యాక్టరీలో యంత్రాలు చూసుకునే దొర. తమ ఊళ్ళో జాలర్లు సముద్రపు ఒడ్డున బండలు పగలగొట్టి మైదానం చేసుకున్నారనీ, ఏడాదిలో సగం రోజులు దానిమీద మంచు పేరుకునే ఉంటుందనీ చెప్పేవాడు. కూలీలు వాడివన్నీ కోతలని నవ్వుకునేవారు. 1936లో అతను మేనేజరునడిగి ఫ్యాక్టరీ వెనక చిత్తడి నేల సంపాదించినప్పుడు, ఆ నవ్వినవాళ్ళే తట్టలు పట్టుకొచ్చారు. పొద్దున రబ్బరు పాలకు చెట్లు గీసి, మధ్యాహ్నం మట్టి మోసి, రెండేళ్ళకు దాన్ని చదును చేశారు. హాన్సెన్ ఊరి జట్టులాగే ఎర్ర చొక్కాలు కుట్టించుకున్నారు. జనం నోట అది నార్వే క్లబ్బయింది.

జపానువాళ్ళు వచ్చి హాన్సెన్‌ను పట్టుకుపోయారు. అతను తిరిగి రాలేదు. ఆటగాళ్ళలో నలుగురు జపానువాళ్ళు వేయించే సయాం రైలుదారి పనికి పోయి అక్కడే చచ్చిపోయారు. యుద్ధం ముగిశాక క్లబ్బును మళ్ళీ నిలబెట్టినవాళ్ళు ఇద్దరు: కెప్టెన్ పైడిరాజు, గోలు కాసే గోలీ సూరిబాబు. పక్కపక్క ఇళ్ళలో పెరిగినవాళ్ళు.

సూరిబాబు యూనియన్ మనిషి. 1948లో తెల్లదొరల ప్రభుత్వం కమ్యూనిస్టుల మీద ఎమర్జెన్సీ పెట్టి యూనియన్ వాళ్ళను జైళ్ళలో తోస్తుంటే, ఒక ఆదివారం మ్యాచి కాగానే చొక్కా విప్పి పైడిరాజు చేతిలో పెట్టాడు.

"అమ్మను సూసుకోరా" అన్నాడు. అడవిలో కమ్యూనిస్టు దళాల్లోకి వెళ్ళిపోయాడు.

రెండేళ్ళ తర్వాత ఒక మిట్టమధ్యాహ్నం పోలీసు లారీ వచ్చి మైదానం నడుమ మూడు శవాలను దించింది. అడవిలో కాల్చినవాళ్ళను జనానికి చూపించి పేర్లు రాబట్టడం అప్పటి పద్ధతి. పేరు తెలిస్తే ఇంటివాళ్ళను క్యాంపులో పెట్టి ఇండియా ఓడ ఎక్కిస్తారు. తోటలో పుట్టి తోటలోనే ముసలిదైన సూరిబాబు తల్లి వెంకమ్మకు ఇండియాలో ఎవరున్నారు?

కూలీలందరినీ వరుసలో నడిపించారు. పైడిరాజుకు చాలా ముందు వెంకమ్మ నడుస్తోంది. నడిమి శవం దగ్గర ఆగింది, చూసింది, సార్జెంటు ఏదో అడిగితే తల అడ్డంగా ఊపి ముందుకు పోయింది. పొర కమ్మిన కళ్ళు, పోల్చుకోలేకపోయింది అనుకున్నాడు పైడిరాజు.

అతని వంతు వచ్చింది. బుగ్గలో తూటా దిగిన ఆ మొహం సూరిబాబుదే.

"వీడెవడు?" అని సార్జెంటు మణియం తమిళంలో అడిగాడు.

"ఎరగనయ్యా."

"కెప్టెన్‌వి కదా. నీ గోలీ అడవిలో ఉన్నాడట?"

"ఆడు ఈడు కాదయ్యా."

ఆ సాయంత్రం లారీ శవాలను తీసుకుపోయింది. తల్లి చేతి పిడికెడు మట్టయినా పడకుండా సూరిబాబు ఎక్కడికో పోయాడు.

మరుసటి ఏడు ప్రభుత్వం తోటంతటా చెదురుగా ఉన్న ఇళ్ళు పీకించి, అడవిలోవాళ్ళకు తిండి అందకుండా కూలీలందరినీ ముళ్ళకంచె మధ్యకు చేర్చింది. చదునైన నేల ఆ మైదానం ఒక్కటే. దానిమీదే పాకల వరుసలు లేచాయి. గోలు స్తంభాలను కోసి కంచెకు పాతారు. క్లబ్బు అంతటితో పోయింది. పైడిరాజు పక్క పాకలోనే వెంకమ్మ ఉండేది. నెలకోసారైనా అడిగేది: "సూరిగాడి కబురేటైనా తెలిసిందేటిరా?"

"లేదు పిన్నీ" అనేవాడు. ఆ రోజు అన్నం సయించేది కాదు.

1957లో మెర్డెకా, దేశానికి స్వాతంత్ర్యం, వచ్చింది. కంచె గేట్లు తెరిచారు, ఎవరినీ ఓడ ఎక్కిస్తారన్న భయం పోయింది. మేనేజరు వేరే చోటు చూపిస్తే కుర్రాళ్ళు కొత్త జట్టు కట్టి, మొదటి మ్యాచి పైడిరాజే ఆడించాలని పట్టుబట్టారు. ఆ మాట దాచుకుని మైదానంలో దిగలేక అతను తిన్నగా వెంకమ్మ దగ్గరకు పోయి గుమ్మంలో కూలబడ్డాడు.

"పిన్నీ, ఆరోజు ఫీల్డులో ఆ నడిమి శవం... అబద్ధం ఆడినాను."

వెంకమ్మ చేతిలో బియ్యం చేట అలాగే ఆగింది.

"నాను మాత్రం నిజం సెప్పినానేటి? ఆడి కాళ్ళు సూసే పోల్చినాను."

"మరి ఇన్నేళ్ళూ కబురేటని నన్నెందుకు అడిగినావు?"

"పగిలిపోయిన మొకం, నువ్వు పోల్చలేదనుకున్నాను. ఆడు బతికున్నాడని ఒక్కడైనా అనుకోనీ అని."

మర్నాడు ఇద్దరూ బస్సెక్కి పట్నం పోలీసు స్టేషనుకు పోయారు. మణియం జుట్టు నెరిసింది. పైడిరాజు తేదీ చెప్పి, "ఆ నడిమివాడు సూరిబాబు. ఈమె కొడుకు. మా గోలీ" అన్నాడు.

మణియం వెంకమ్మ వైపు చూసి, కళ్ళు దించుకున్నాడు.

"ఇప్పుడెందుకు? పేరు తెలియనివాళ్ళను ఊరి చివర పాతేవారు. ఇప్పుడక్కడ రోడ్డు వేశారు."

ఆ రోడ్డు మీదకు వచ్చేసరికి ఎండ చుర్రుమంటోంది. కొత్త జెండాలు కట్టుకున్న లారీలు హారన్లు మోగిస్తూ పోతున్నాయి. ఎక్కడని కూర్చోవాలో తెలియక వెంకమ్మ కాసేపు అటూ ఇటూ నడిచింది. చివరికి తారు అంచున చతికిలబడి, నేలను రెండు చేతులతో కొడుతూ, ఏడేళ్ళ ఏడుపు గొంతెత్తి ఏడ్చింది. లారీలు తగలకుండా పైడిరాజు ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు.

తోటకు పోయే బస్సు వచ్చి ఆగింది. ఆమె లేవలేదు. వెళ్ళిపొమ్మని అతను కండక్టరుకు చెయ్యి ఊపాడు.