ఎదురింటి పసుపు సబ్బు

సన్నటి స్టీలు తీగను రెండు చేతులకూ చుట్టుకుని చిన్నతల్లి సబ్బు దిమ్మను కోస్తోంది. తీగను పై అంచున ఆనించి, మోచేతులు దగ్గరకు లాక్కుని, ఊపిరి బిగబట్టి కిందికి దించుతుంది. కోవా ముక్కలా ఒక బిళ్ళ పక్కకు వాలుతుంది. వేపాకు నూరి వేసిన సబ్బు అది. పచ్చిగా ఉన్నప్పుడు చింతకాయ రంగు, ఆరాక నాచు రంగు. చేతులైతే తీగ మీదే ఉన్నాయి గానీ కళ్ళు మాత్రం వీధి దాటి, ఎదురింటి భారతి వసారాలో వెదురు తడికల మీద ఆరుతున్న పసుపు సబ్బుల మీద ఉన్నాయి. అందుకే బిళ్ళలు ఒకవైపు లావుగా, ఒకవైపు పల్చగా తెగుతున్నాయి.

చిన్నతల్లి పొట్టి మనిషి. ముంజేతుల మీద సబ్బులో కలిపే కాస్టిక్ సోడా నీళ్ళు చింది, ఆవాలు చల్లినట్టు మచ్చలు. ఆవిడ ముక్కు గురించి ఊళ్ళో చాలా కథలున్నాయి. గరివిడి ఫ్యాక్టరీ పొగ ఊరి మీదికి దిగినరోజున కూడా భారతి పొయ్యి మీద కాగుతున్నది కొబ్బరినూనో నువ్వులనూనో చెప్పేయగలదట. ఒకసారి నిద్రలోనే లేచి కూర్చుని, ‘అది ఆవనూనె పోసీసినాది’ అని మళ్ళీ పడుకుందట. ఇందులో సగం ఆవిడ మొగుడు కూర్మయ్య పుట్టించినవే.

ఆ కూర్మయ్య అరుగు మీద చుట్ట వెలిగించుకుంటూ అన్నాడు.

“ఒలే, మొన్న పోతురాజు బావ భారతి సబ్బుతో దున్నపోతుని తోమినాడంట. ఆవు అనుకుని ఆడోళ్ళంతా దానికి బొట్టెట్టీసినారంట.”

“నువ్వూ తోముకో మరి. మనిషనుకుంటారు.”

కూర్మయ్య నవ్వాడు. చిన్నతల్లి నవ్వలేదు.

ఒకప్పుడు ఇద్దరిదీ ఒకే పొయ్యి. మహిళా సంఘం తరఫున శ్రీకాకుళం వెళ్ళి సబ్బుల పని కలిసే నేర్చుకున్నారు. మొదటి దిమ్మను చిన్నతల్లి వంటింట్లోనే పోశారు. పసుపు వేసి కలిపారో లేదో, గిన్నెలోదంతా ఎర్రగా తిరిగిపోయింది. పసుపులో సున్నం పడితే పారాణి అవుతుందని చిన్నతల్లికి తెలుసు. ఎన్ని పెళ్ళిళ్ళలో ఎన్ని పాదాలకు పూసింది. పారాణి మళ్ళీ పసుపవడం ఎక్కడైనా ఉందా? ‘పాడైపోనాది, నాకొద్దు, నువ్వే పట్టుకుపో’ అని దిమ్మ మొత్తం భారతి చేతుల్లో పెట్టేసింది.

భారతి పారేయడానికి మనసొప్పక బిళ్ళలు కోసి అటక మీద పెట్టింది. వారాలు గడిచేకొద్దీ సోడా ఘాటు విరిగి, ఎరుపు తగ్గి, బిళ్ళలు చామంతుల్లా తేలాయి. ఇప్పుడవి భోగాపురంలో విమానాశ్రయం దారిలో ఒక దుకాణానికి పోతున్నాయి. ‘దానికి ముందే తెలుసు’ అని చిన్నతల్లి ఇప్పటికీ అంటుంది. భారతికి తెలియదన్న సంగతి చిన్నతల్లికీ తెలుసు. తెలిసినందుకే ఇంకా మంట. అప్పటినుంచి ఆవిడ పసుపు ముట్టలేదు. వేపాకే.

అయితే ఊళ్ళో సబ్బు బతుకుతుందా లేదా తేల్చేది లక్ష్మణమ్మ. పసిపిల్లలకు నీళ్ళు పోసే మామ్మ. తనకు పిల్లల్లేరు గానీ ఊళ్ళో సగం మంది ఆవిడ కాళ్ళ మీద పడుకుని కేరుమన్నవాళ్ళే. ఏ సబ్బయినా ముందు అంచును నాలుక్కి తాకిస్తుంది. చురుక్కుమంటే సోడా ఇంకా విరగలేదన్నమాట, పక్కన పెట్టేస్తుంది. చల్లగా ఉంటేనే బిడ్డ ఒంటికి. ఆవిడ రాసిన సబ్బే తల్లులంతా కొంటారు.

పోయిన వేసవిలో భారతికంటే ముందు అందించాలన్న తొందరలో చిన్నతల్లి పచ్చి సబ్బు తీసుకెళ్ళింది. మామ్మ నాలుక చురుక్కుమంది. ‘ఇంకా ఆరాలే గుంటా’ అంది, అంతే. ఆ మాట చాలు, బిళ్ళను అక్కడే వదిలేసి వచ్చిన చిన్నతల్లి మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

ఈరోజు తొక్కాలనుకుంది. నరసింగరావు గారి కోడలు రేఖకు ఆడపిల్ల పుట్టింది. ఈరోజే మొదటి తలంటు. శ్రీకాకుళం నుంచి కూడా చుట్టాలు దిగారు. అక్కడ తన సబ్బు నురుగు కడితే చాలు. బాగా ఆరిన బిళ్ళ ఒకటి ఏరి, తానే నాలుక్కి తాకించి చూసుకుని, రొంటిన దోపుకుని బయల్దేరింది.

వీధిలోకి అడుగు పెట్టేసరికి లక్ష్మణమ్మ భారతి ఇంటి మెట్లు దిగుతోంది. చేతిలో పసుపు బిళ్ళ.

“ఏటే గుంటా, కనపడ్డమే మానీసినావు. రొంటినేటది?”

“ఆకూ వక్కా.”

“వేపాకు వాసనేస్తన్నాది, నీ ఆకూ వక్కా.”

చిన్నతల్లి ముఖం తిప్పుకుంది. మామ్మ కర్ర పోటేసుకుంటూ వెళ్ళిపోయింది. ఇంటికి తిరిగిపోవచ్చు. కానీ కడుపులో మంట మనిషిని ఇంట్లో కూర్చోనివ్వదు కదా. వెనకాలే వెళ్ళి నరసింగరావు గారి పెరట్లో ఆడవాళ్ళ మధ్య నిలబడింది.

లక్ష్మణమ్మ పీట మీద కాళ్ళు చాపి కూర్చుంది. ఎండిన తాటిమట్టల్లాంటి ఆ కాళ్ళ మధ్య పిల్ల పొట్లంలా ఒదిగింది. మామ్మ నూనె పట్టించి, చేతులూ కాళ్ళూ మడిచి సాగదీసి, ముక్కు నొక్కి, బుగ్గల్లో సొట్ట పెట్టింది. తర్వాత సబ్బు. తెల్లటి నురుగు పిల్ల వీపు మీద వెన్నలా నిలిచింది. పిల్ల ఏడుపు ఆపి కళ్ళు విప్పింది.

“ఎవరి సబ్బు మామ్మా?” రేఖ అత్తగారు కుమారి అడిగింది.

“భారతిది.”

చిన్నతల్లి నోరు ఆగలేదు. “పసుపు సబ్బు రాస్తే గుంటకి కామెర్లొచ్చినా తెలీదు.”

రేఖ తువ్వాలు పట్టుకుని బెదురుగా చూసింది. లక్ష్మణమ్మ తలెత్తకుండా నీళ్ళు పోస్తూనే అంది.

“అయితే నీది రాద్దుమేటే? గుంటకి ఆకులు మొలిసీగలవు.”

ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. చిన్నతల్లి చెవులు ఎర్రబడ్డాయి, పసుపులో సోడా పడ్డట్టు. గిరుక్కున తిరిగింది. వెనకనుంచి మామ్మ గొంతు తరుముకొచ్చింది.

“సాయంత్రం రాయే. నీ ఆకూ వక్కా పట్టుకుని రా. నాలిక్కి రాసి సూస్తాను.”

వెళ్ళకూడదని ఒట్టు పెట్టుకుంది. మధ్యాహ్నమంతా బిళ్ళలు తిరగేసింది, తిరగేసినవాటినే మళ్ళీ తిరగేసింది. పొద్దు వాలేవేళ భారతి గిన్నె మీద మూతపెట్టి లక్ష్మణమ్మ ఇంటివైపు వెళ్ళడం కనిపించింది. గంజో, పులుసో. ముసలిదాన్ని పూర్తిగా తనవైపు తిప్పుకుంటోందన్నమాట. ఒట్టు గట్టు మీద పెట్టి, చిన్నతల్లి పరుగులాంటి నడకతో వెళ్ళింది.

భారతి గుమ్మంలోనే నిలబడి ఉంది. గిన్నె ఇంకా చేతిలోనే.

“లేపినాను,” అంది. “లేవలేదు.”

లక్ష్మణమ్మ నులకమంచం మీద ఉంది. పిల్లలకు నీళ్ళు పోసిన రోజున సాయంత్రానికి తానూ పోసుకోవడం ఆవిడ అలవాటు. తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, జుట్టు ఆరబెట్టుకోవడానికి మంచం పట్టె మీదుగా కిందికి వదిలి పడుకున్నట్టుంది. జుట్టు చివర నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. చేతులు పొట్టమీద ఉన్నాయి, వేళ్ళు ముడతలు పడి, తెల్లగా నాని.

చిన్నతల్లి ఆ వేళ్ళు పట్టుకుంది. చల్లగా ఉన్నాయి.

కబురు తెలిసి ఆడవాళ్ళు వచ్చారు. ఊరంతటికీ నీళ్ళు పోసిన మనిషికి నీళ్ళు పోయాలి. కుమారి బిందె దించి, “సబ్బేదర్రా?” అంది.

చిన్నతల్లి రొంటినున్న బిళ్ళ తీసింది. భారతి కొంగు ముడి విప్పి మరొకటి తీసింది. ఇద్దరూ చేతులు చాచి అలాగే నిలబడిపోయారు. అలాంటప్పుడు కూడా చిన్నతల్లి ఎవరి బిళ్ళ పెద్దదో చూసుకుంది.

“నీ సబ్బే ఎట్టు,” అంది భారతి. “ఆవిడకి నీదంటేనే ఇది. నా ఇంటికొచ్చి కూకోని, సిన్నతల్లి సబ్బు ఆరినాక ఒళ్ళు హాయిగా ఉందే అనీది. ఇన్నాళ్ళూ కుళ్ళి సచ్చినాను.”

చిన్నతల్లి చాచిన చెయ్యి దించింది. “నా సబ్బు ఆవిడకాడెక్కడిది?”

భారతి పెరట్లోకి చెయ్యి చూపింది. స్నానాల రాయి పక్కన కొబ్బరిచిప్పలో ఒక సబ్బు ఉంది. పోయిన వేసవిలో చిన్నతల్లి కోపంగా వదిలేసిపోయిన వేప బిళ్ళ. మామ్మ దాన్ని ఆరేదాకా ఉంచి, అరిగేదాకా వాడి, చివరికి మిగిలిన పల్చటి ముక్కను పారేయకుండా ఏ ఇంట్లోనైనా చేసినట్టే కొత్త బిళ్ళకు తడిపి అంటించింది. ఆ కొత్తది పసుపు.

ఇద్దరూ తమ బిళ్ళల్ని మళ్ళీ దోపుకున్నారు. ఒకరు నీళ్ళు పోశారు, ఒకరు ఆ సబ్బుతోనే రుద్దారు. ఎవరు ఏ పని చేశారో ఊళ్ళో ఇప్పటికీ రెండు రకాలుగా చెప్పుకుంటారు.

అందరూ వెళ్ళాక పెరట్లో కొబ్బరిచిప్ప మాత్రం మిగిలింది. అందులో పచ్చదీ పసుపుదీ ఒకే బిళ్ళ, అతుకు వేలికి తగలనంత నున్నగా అరిగి, బొటనవేలు ఆనిన పల్లంలో కొంచెం నురుగుతో.