వేలు చూపించిన వైపు

వేసవి సెలవులకని ఆమె మొగుడితో, తమ్ముడితో చిన్న తెరచాప పడవలో తీరం వెంబడి బయలుదేరిన మూడో రోజే మొగుడి చెయ్యి లేచింది. ఇంట్లో లేచే చెయ్యి నీళ్ల మీద మాత్రం ఊరుకుంటుందా? తెరచాప తాడు వదలడం ఆలస్యమైందని అదే తాడుతో ఆమె వీపు చిట్లేలా బాదాడు. అడ్డొచ్చిన ఆమె తమ్ముణ్ణి తెడ్డుతో మూతి మీద కొట్టి సముద్రంలో పడేశాడు.

పడవలో ఒక పద్ధతి ఉంది. మనిషి నీళ్లలో పడితే ఒకరు కళ్లు తిప్పకుండా ఆ మనిషి వైపే వేలు చాపి నిలబడాలి. అలల్లో తల ఒక్కసారి తప్పిపోతే ఇక దొరకదు. వీపు భగ్గుమంటున్నా ఆమె వేలు కదల్లేదు. హత్య ఎక్కడ మెడకు చుట్టుకుంటుందోనని హడలిపోయిన మొగుడు, ఆ వేలు చూసుకుంటూ పడవ తిప్పి బామ్మర్దిని పైకి లాగాడు.

"ఈత బాగానే వచ్చే నీకు!" అని ఇకిలించాడు కూడా.

తమ్ముడు రక్తంతో పాటు రెండు పళ్లు ఉమ్మేసి, బావ పొట్టలో తలతో ఒక్క కుమ్ము కుమ్మాడు. బావ పడవ అంచు కమ్మీ మీంచి వెల్లకిలా నీళ్లలో పడ్డాడు. గాలికి పడవ అప్పుడే చాలా దూరం జరిగిపోయింది. చేసిన పని తెలిసొచ్చి తమ్ముడు చుక్కాని దగ్గరికి ఉరికాడు. దాన్ని పట్టుకుని అరిచాడు.

"అక్కా, బావ ఎక్కడ? చూపించు, తొందరగా!"

నడిసముద్రం వైపు అలల మధ్య ఆ తల ఆమెకు స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. ఆమె తిన్నగా వేలు చాపి ఒడ్డు వైపు చూపించింది.