బయటి గడియ

మా అక్క నీహారిక టైల్స్ చూడ్డం మొదలుపెట్టిందంటే షాపువాడి తల ప్రాణం తోకకి రావాల్సిందే. కంచికచర్ల దగ్గర హైవే పక్క షాపులు అయిపోయాయి, బెజవాడ అయిపోయింది, జగ్గయ్యపేటలో అయితే మా కారు ఆగడం చూసి షాపాయన లోపలి గదిలోకి తప్పుకునే దాకా వచ్చింది. ఒకటి మరీ తెలుపంటుంది. ఇంకొకటి కాలు జారుతుందంటుంది. మూడోది బాగానే ఉందిగానీ ఇంకోచోట కూడా చూద్దామంటుంది. నాకు ఒళ్ళు మండేది. పెళ్ళిచీర పది నిమిషాల్లో తీసుకున్న మనిషి, బాత్రూం గోడకి అంటించే ముక్కకి ఇంత తర్జనభర్జనా!

నందిగామలో మేం ఇల్లు కడుతున్నాం. మా నాన్న చిన్నబాబుకి పొలమంటే ప్రేమ, ఇల్లంటే పిచ్చి, నలుగురి నోరంటే భయం. అక్క శ్రావణమాసంలో హైదరాబాదు నుంచి ఒక్క సూట్‌కేసుతో వచ్చింది. మొగుడితో ఏదో మాటా మాటా వచ్చిందని చెప్పింది, అంతకుమించి నోరు విప్పలేదు. అమ్మ గుచ్చి గుచ్చి అడిగితే, "ఆయనకి కోపం ఎక్కువమ్మా" అంది. "కోపం లేని మగాడెవడే" అని అమ్మ అక్కడితో ఊరుకుంది. ఇక ఊళ్ళోవాళ్ళకి చెప్పడానికి నాన్న ఒక మాట తయారుచేసి పెట్టుకున్నాడు.

"ఇల్లు ఫినిషింగుకొచ్చింది కదండీ. మా పెద్దమ్మాయి సెలక్షన్ బావుంటుందని నేనే పిలిపించా. టైల్సూ రంగులూ అన్నీ అదే చూస్తంది."

విన్నవాళ్ళు తలూపేవాళ్ళు. దసరా వెళ్ళింది, దీపావళి వెళ్ళింది. కార్తీకమాసంలో మా మేనత్త వచ్చి, "ఇంకా ఎన్నాళ్ళుంటావే నీహారికా?" అని అడగనే అడిగింది.

"టైల్స్ అయిపోవాలి కదత్తా" అంది అక్క, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

నాకు విషయం బుర్రకెక్కింది కీసర టోల్‌గేటు దగ్గర. ఆరోజు బెజవాడ నుంచి ఉత్త చేతులతో తిరిగొస్తున్నాం. డ్రైవింగ్ నాది. లారీల వెనక ఇరుక్కుపోయాం, పైగా కడుపులో ఆకలి.

"అసలు నీకేం కావాలే అక్కా? ఇంద్రభవనానికేసే రాయి కావాలా? నీ వరస చూస్తే ఈ ఇల్లు ఈ జన్మకి పూర్తవదు!" అని అరిచాను.

"పూర్తయితే నేను వెళ్ళాలిగా" అంది అక్క.

గేటు ఎత్తారు. వెనక లారీవాడు హారన్ వాయించేస్తున్నాడు. నా కాలు కదల్లేదు. అక్క ఏడవలేదు, నా వైపు చూడలేదు. "పోనీవే, తిడుతున్నాడు" అంది. కారు ముందుకి పోనిచ్చాను. పిచ్చి మొహాన్ని, మూడు నెలలుగా పక్కన కూచుని తిరుగుతూ కూడా గమనించలేదు. ఇల్లు మొండిగా ఉన్నంతకాలమే నాన్న చెప్పే మాట చెల్లుతుంది. ఒక్కో టైలు ఒప్పుకుంటే ఒక్కో రోజు దగ్గరవుతుంది.

ఆ సాయంత్రమే నాన్నని పట్టుకున్నాను. "అక్కకి అక్కడికి వెళ్ళాలని లేదు నాన్నా."

"వెళ్ళక ఎక్కడుంటుందే? అతను తాగడు, తిరగడు, లక్షణంగా ఉద్యోగం చేసుకుంటన్నాడు. ఏదో చిన్న చిన్నవి. అల్లుడికి మన దగ్గర మర్యాద జరిగితే అన్నీ అవే సర్దుకుంటాయి."

మర్యాద అంటే ఏంటనుకున్నారు? అల్లుడి గది! మేడమీద తూర్పు గది పనంతా నాన్న తన చేతుల్లోకి తీసుకున్నాడు. కింద మాకు మామూలు టైల్స్ చాలన్నాడు, అక్కడ చెక్కలా కనిపించే టైల్స్ వేయించాడు. మాకు సున్నం కొట్టిన పైకప్పు, అక్కడ లైట్లు దాగిన ఫాల్స్ సీలింగ్. కల్యాణ్ బావ పొడగరి అని షవర్ ఎంత పైకి పెట్టించాడంటే, నేను కుళాయి అందుకోవాలంటే మునివేళ్ళ మీద లేవాలి. అందులో ఉండబోయే రెండో మనిషి ఎత్తు ఎంతో ఎవరూ అడగలేదు.

గోడల రంగు ఒక్కటీ మిగిలింది. దానికోసం నాన్న బావకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు. అల్లుణ్ణి నాన్న ఎప్పుడూ మీరు అనే అంటాడు. "బాబూ, మీ గదికి ఏ రంగు వేయించమంటారు?"

"మీ ఇష్టం మావయ్యగారూ. నీహారిక ఏదంటే అదే. గృహప్రవేశానికి వస్తా కదా, అట్నుంచటే తనని తీసుకెళ్ళిపోతా." గొంతులో పంచదార పాకం కారిపోతోంది.

వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న అక్క చాకు పీట మీద ఆగిపోయింది. నాన్నకవేం కనపడవు. మొహం చేటంత చేసుకుని, "చూశావా పరిమళా, ఎంత మంచోడో! గృహప్రవేశం అయ్యాక ఇద్దర్నీ వేదాద్రి తీసుకెళ్దాం. నరసింహస్వామి దర్శనం చేయించి, అటునుంచటే కారెక్కిద్దాం" అన్నాడు అమ్మతో. అమ్మ కళ్ళు తుడుచుకుంది. సంతోషమో, ఉల్లిపాయల ఘాటో నాకు తెలీదు.

మాఘంలో ముహూర్తం పెట్టారు. టేకు తలుపులు వచ్చాయి. జగ్గయ్యపేట నుంచి కార్పెంటర్ వీరేంద్ర గడియలూ, హ్యాండిళ్ళూ, బందులూ అన్నీ తెచ్చి హాల్లో గోనెపట్టా మీద పరిచాడు. మా వైపు ఏ ఇల్లు చూసినా అంతే, ప్రతి పడగ్గదికీ లోపలొక గడియ, బయటొక గడియ. ఎందుకని ఎవరూ అడగరు, తలుపంటే అలాగే ఉండాలి.

అక్క వంగి, బయటికి బిగించే ఇత్తడి గడియలన్నీ ఏరి పక్కన పెట్టింది. "ఇవొద్దు నాన్నా. వీధి తలుపుకి ఒక్కటి చాలు. గదులకి బయట గడియలొద్దు."

వీరేంద్ర నవ్వాడు. "బయట గడియ లేని తలుపేంటమ్మా? నేనింతవరకూ బిగించలా."

"ఊరెళ్ళినప్పుడు గదులకి తాళాలెయ్యద్దూ?" అన్నాడు నాన్న. "కిటికీ తీసుంటే కోతులొచ్చి ఇల్లంతా పీకి పందిరేస్తాయి. గదికి గడియ పెడితే ఆ గదితో పోద్ది."

"లోపల ఎన్ని కావాలంటే అన్ని పెట్టించు. బయటొద్దు. పోనీ పైగదికి ఒక్కదానికి వద్దు నాన్నా."

"అల్లుడి గదికా? అసలు తాళం కావాల్సిందే దానికి! వాళ్ళు లేనప్పుడు ఎవరు పడితే వాళ్ళు దూరితే?"

"నాన్నా, నా మాట విను."

అంతే, నాన్నకి అరికాలి మంట నెత్తికెక్కింది. "విని విని అలిసిపోయా! ఇన్నాళ్ళూ టైల్సన్నావు, ఊరుకున్నా. రంగులన్నావు, ఊరుకున్నా. ఇప్పుడు గడియలా? పని తెమలకుండా అడ్డం పడ్డానికి వంకలు కాకపోతే ఏంటే ఇవి? నాకేం తెలీదనుకున్నావా?"

తెలుసట! అక్క ఎందుకు తాత్సారం చేస్తోందో, నేను చెప్పకముందు నుంచే నాన్నకి తెలుసు. తెలిసే ముహూర్తం పెట్టించాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "ఎందుకొద్దంటోందో ఒక్క ముక్క అడగొచ్చుగా!" అన్నాను. "నువ్వూరుకోవే, నీకన్నీ కావాలి" అని నన్నూ కసిరాడు. అక్క ఏరిన గడియలు మళ్ళీ కుప్పలో పెట్టేసింది.

మర్నాడు మేడమీద తలుపుకి గడియ బిగించారు. సరిగ్గా కూచుందో లేదో చూడ్డానికి నాన్న పైకి వెళ్ళాడు. తలుపు దగ్గరికి లాగి, గడియ తోశాడు. అది టక్కున పడింది. "భలే పడిందయ్యా వీరేంద్రా!" అని మురిసిపోతూ, ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ మెట్లు దిగి టీకి పోయారు. అక్కడినుంచి నాన్న భోజనానికి మేముండే అద్దె ఇంటికి వచ్చేశాడు. అక్క రాలేదు. కొత్తింట్లో ఉందేమో అనుకుంది అమ్మ. ఫోన్ చేస్తే ఎత్తలేదు. అన్నాలు చల్లారిపోయాయి. నాకేదో అనుమానంగా ఉండి బండి తీశాను. నాన్న వెనక కూచున్నాడు.

కొత్తింట్లో కింద ఎవరూ లేరు. అక్క ఫోను టైల్స్ పెట్టె మీద ఉంది. నేను మెట్లెక్కబోతుంటే, "పైనెందుకుంటుందే, ఆ గది గడియ నేనే పెట్టా" అన్నాడు నాన్న.  రెండేసి మెట్లు ఎక్కి గడియ లాగాను.

అక్క గోడవారగా మోకాళ్ళు ముడుచుకుని కూచుంది. బాత్రూం కిటికీకి కొలతలు తీసుకుంటుండగా గడియ పడినట్టుంది, టేపు ఇంకా చేతిలోనే ఉంది. పక్కన పెయింటర్ వదిలిన బకెట్టులో అంచుదాకా నీళ్ళు.

"నీళ్ళెందుకే?" అన్నాను. ఏదడగాలో తెలీక అదడిగాను.

"ముందే పట్టుకోవాలి. తర్వాత ఆగిపోతే?"

"పిచ్చిదానా, తలుపు కొట్టొచ్చుగా! కిటికీలోంచి అరవొచ్చుగా! అందరం ఇక్కడిక్కడే ఉన్నాం కదే!"

"కొడితే ఇంకా లేటుగా తీస్తాడే" అంది అక్క. కూరలో ఉప్పెంత వెయ్యాలో చెప్పినంత మామూలుగా అంది.

"ఎవరమ్మా?" అన్నాడు నాన్న, గుమ్మంలోంచి.

అప్పుడు చూసింది నాన్నని. లేచి నిలబడింది. ఇన్నాళ్ళూ బిగబట్టింది ఆపుకోలేక చెప్పేసింది. "ఆఫీసుకెళ్తూ గడియ పెట్టి వెళ్ళేవాడు నాన్నా. ఒకసారి ఫోనెత్తలేదని. ఒకసారి అమ్మతో ఎక్కువసేపు మాట్లాడానని. అటాచ్‌డ్ బాత్రూం ఉందిగా, నీకేం లోటనేవాడు. అరిస్తే మర్నాడు కూడా తీసేవాడు కాదు. నీళ్ళు కట్టేసేవాడు."

"మాతో చెప్పలేదేమ్మా?"

"చెప్తే ఏమనేవాడివి? కోపం ఎవరికుండదనే కదా. అమ్మ అననే అంది." చేతిలో టేపు కింద పెట్టింది. "ఇవాళ నువ్వు కూడా పెట్టావు నాన్నా. పెట్టి, నవ్వుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయావు. ఆ చప్పుడు కూడా అలాగే ఉంది."

మా నాన్న అలా అయిపోవడం నేనెప్పుడూ చూడలేదు. తాతయ్య పోయినప్పుడు కూడా పదిమందికీ పనులు పురమాయించిన మనిషి, ఆ గుమ్మంలో గడియ వైపు చూస్తూ నిలబడిపోయాడు. కాసేపటికి వీరేంద్ర వదిలి వెళ్ళిన స్క్రూడ్రైవర్ తీసుకుని గడియ విప్పడం మొదలుపెట్టాడు.  స్క్రూడ్రైవర్ జారి టేకు మీద తెల్లగా గీతలు పడ్డాయి. వీరేంద్ర వచ్చి, "ఉండండి, నేను తీస్తా, పాలిష్ పోతది" అన్నాడు. నాన్న వినిపించుకోలేదు. ఆ గది అయ్యాక కిందికి వచ్చి ఒక్కో తలుపూ పట్టుకున్నాడు.

క్యారేజీతో వచ్చిన అమ్మకి నేనే చెప్పాను. ముందు అక్కని పట్టుకుని భోరున ఏడ్చింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, "ఏవండీ, ముహూర్తం దగ్గరపడింది. నలుగురూ అడిగితే ఏం చెప్తాం?" అంది. అంత ఏడుపులోనూ ఆ మాట వచ్చింది ఆవిడకి. నాకు కోపం వచ్చిందిగానీ, అమ్మ మొహం చూసి నోరు నొక్కుకున్నాను.

"నలుగురు నలుగురని చచ్చా" అన్నాడు నాన్న. "ఆ నలుగుర్లో ఒక్కడైనా వచ్చి దాని తలుపు తీశాడా?"

మెట్ల మీద కూచుని బావకి ఫోన్ చేశాడు. "ఇదిగో కల్యాణ్, గృహప్రవేశానికి నువ్వు రావద్దు. మా అమ్మాయి నీ దగ్గరికి రాదు." అతన్ని నాన్న నువ్వు అనడం అదే మొదలు. అవతల పాకం విరిగిపోయింది. అరుపులు నాదాకా వినపడ్డాయి. అది చెప్పేవన్నీ నమ్ముతారా, పెద్దమనుషుల్లో పెడతా, మీ పరువు తీస్తా అంటున్నాడు. నాన్న మొహం పాలిపోయింది. నిజంగానే భయపడ్డాడు. ఆ భయంతోనే, "పెట్టుకో" అని ఫోన్ కట్టేశాడు.

 రేపు అత్తకి ఏం చెప్పాలో, పెద్దమనుషులు ఏమంటారో, అక్క సామానంతా ఆ ఇంట్లోంచి ఎలా తేవాలో ఏమీ తెలీదు. నాన్న లేచి, కిటికీలో ఉన్న రంగుల కార్డు దులిపి అక్కకి ఇచ్చాడు.

"నీ గదికి ఏ రంగు వేయించమంటావమ్మా?"

అక్క కార్డు విప్పింది. బెజవాడ దాకా తిరిగి ఒక్క టైలు తేల్చని మనిషి, చూడ్డంతోనే గంధం రంగు మీద వేలు పెట్టింది. "ఇది." తర్వాత నా వైపు తిరిగి, "జగ్గయ్యపేట షాపులో మొదటిరోజు చూశాం చూడు, బూడిదరంగు గరుకు టైల్స్, కింది బాత్రూములకి అవి చెప్పెయ్. వంటింటికి ఆ పక్కనున్నవి. గేటుకి నల్లరంగు" అంది. అన్నీ ఎప్పుడో ఎంచి పెట్టుకుంది. బయటికి చెప్పలేదంతే.

నాన్న తలుపు వైపు చూస్తున్నాడు. గడియ పీకిన చోట నాలుగు బొక్కలు, చుట్టూ గీతలు. "లప్పం పెట్టి పాలిష్ కొట్టిస్తాలే" అన్నాడు, ఎవరితోనో తెలీకుండా.

"నాన్నా" అంది అక్క. "లోపలి గడియ మాత్రం గట్టిది పెట్టించు."

ఎందుకని నాన్న అడగలేదు. "రెండు పెట్టిస్తానమ్మా. పైనొకటి, కిందొకటి" అన్నాడు.