నిండు ఛార్జింగ్‌తో ఘాట్ దిగిన రోజు

నేను ఒక కరెంటు కారుని. ఇప్పుడు నన్ను కారు అనడం కూడా మర్యాద కోసమే. కుడి పక్క తలుపులు లేవు. ముందు చక్రం లోపలికి ముడుచుకుపోయింది. కడుపులో బ్యాటరీ విప్పుకుని పోయారు. అనకాపల్లి అవతల పాత ఇనుము దొడ్లో పడి ఉన్నాను. వెనక సీట్లో ఓ కుక్క పిల్లల్ని పెట్టింది. ఎవరో ఒకరికి పనికొచ్చాను, అంతే చాలు.

నేను పుట్టిన చోట మనుషుల కంటే ఇనుప చేతులే ఎక్కువ. ఒకసారి నింపితే మూడొందల కిలోమీటర్లు పోతానని నా అద్దం మీద కాగితం అంటించారు. ఆ లెక్క ఎక్కడ కట్టారో నాకు తెలుసు. ఎక్కుడు లేదు, గుంట లేదు, అడ్డొచ్చే గేదె లేదు. అలాంటి రోడ్డు నాకు మళ్ళీ కనబడలేదు.

కొన్నవాడు సన్నిబాబు, ట్రావెల్స్ ఓనరు. నడపడానికి తాతారావుని పెట్టాడు. ఐదో తరగతితో బడి మానేసి, పాతికేళ్ళు ఘాట్ మీద డీజిల్ జీపు తోలిన మనిషి. మాకు వారానికి రెండు రోజులు ఒకటే పని. ఘాట్ పైన ఉండే రూతమ్మ టీచరమ్మని కింద ఆస్పత్రికి డయాలసిస్‌కి తీసుకెళ్ళి, సాయంత్రానికి మళ్ళీ ఇంట్లో దింపాలి. ఆవిడ కిడ్నీలు రెండూ పోయాయి. ఒక్క వాయిదా తప్పితే ఒంటికి నీరు పట్టి ఊపిరాడదు. బస్సెక్కితే ఆ కుదుపులకి వాంతులు. దారిలో ఎక్కడా నాకు కరెంటు పెట్టే చోటు లేదు. నేను మధ్యలో ఆగానంటే ఆవిడ పని అయిపోయినట్టే.

మొదట్లో తాతారావుది డీజిల్ బుద్ధి. దిగుడు వస్తే చాలు, బండిని న్యూట్రల్లో వదిలేసేవాడు. జీపుకైతే అది నూనె మిగిల్చే విద్య. నాకు మాత్రం నోటి దగ్గర కూడు తోసేసుకోవడం. ఒకరోజు టీచరమ్మతో మాటల్లో పడి న్యూట్రల్ చేయడం మర్చిపోయాడు. ఊరికే కాలు తీశాడు. ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు నేను నెమ్మదించాను; దొర్లే చక్రాల ఊపు కరెంటై నా కడుపులోకి వచ్చింది. తెర మీద ఛార్జింగ్ శాతం యాభై రెండున్నది యాభై మూడైంది. పక్కకి తీసి ఆపేసి, అద్దంలోంచి ఆవిడకేసి చూసి, "ఏటమ్మా ఇది, దిగుతుంటే నిండుతోంది," అన్నాడు. ఆ ముఖంలో వెలుగు నాకింకా గుర్తే.

అక్కణ్ణుంచి ఆ మనిషికి అదే లోకం. మలుపు ఇంకా కనబడకముందే కాలు ఎత్తేసేవాడు. పెడల్ మీద పాదం ఆనిందో లేదో నాకే తెలిసేది కాదు. వేగం యాభై దాటనిచ్చేవాడు కాదు. వారం వారం టైర్లలో గాలి చూసేవాడు. డిక్కీలో కొబ్బరికాయల మూట వేసుకుంటానన్న చుట్టానికి మొహమాటం లేకుండా కాదన్నాడు. టీచరమ్మకి ఉక్కపోస్తుందని ఏసీ వేసేవాడు గానీ, ఎక్కుడులో ఆవిడే ఆపేయమని కిటికీ దించుకునేది. బ్రేకు తొక్కడమంటే డబ్బు కాలవలో పారబోయడం అనేవాడు. రెండేళ్ళలో నా బ్రేకులకి పనే లేకపోయింది. పక్కనుంచి పోయే జీపులవాళ్ళు, "ఏరా తాతారావూ, శవయాత్రా పెళ్ళి ఊరేగింపా?" అని అరిచేవాళ్ళు. కింద నింపుకుని పైకెక్కేసరికి సగం, దిగేసరికి ఇంకో ఆరేడు శాతం. ఆ ఆరేడు శాతమూ తన సొంత సంపాదన అన్నట్టు మురిసిపోయేవాడు.

మనిషికి ఒక విద్య వస్తే దాని అడుగేమిటో చూడడు. అది తాతారావు ఒక్కడి తప్పు కాదు.

సన్నిబాబు పైన తన లాడ్జి దగ్గరే ఛార్జింగ్ పెట్టించాడు. ఇక పొద్దున్నే నూటికి నూరు నింపుకుని దిగమన్నాడు. తాతారావు సంబరపడ్డాడు. నూరుతో బయల్దేరితే కిందికి నూట ఏడుతో దిగుతామని టీచరమ్మతో హాస్యమాడాడు. ఆవిడ నవ్వింది. ముసురు పట్టిన పొద్దు. వాయిదా రోజు. అప్పటికే ఆవిడ పాదాలు పొంగి ఉన్నాయి.

నాకు చోటు లేదు. నిండిన కడుపులో ఇంకో మెతుకు ఎక్కడ పడుతుంది? కాలు తీస్తే నేను పట్టి ఆపేదే ఆ కరెంటుని లోపలికి మింగుకుంటూ. మింగలేనని చెప్పాను కూడా. బయల్దేరగానే తెర మీద పసుపు అక్షరాలు వెలిగించాను. నాకు నేర్పింది ఇంగ్లీషు ఒక్కటే. తాతారావు వాటికేసి చూశాడు. వెనక సీట్లో ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మనిషి కూర్చుని ఉంది. వేలు పెట్టి అక్షరాలు చెరిపేశాడు. ఆవిడ అదేమిటని అడిగితే, "అది మామూలేనమ్మా," అన్నాడు.

రెండో మలుపులో అలవాటు చొప్పున కాలెత్తాడు. నేను ఆగలేదు. మూడో మలుపు ఇంకా ఇరుకు. జీపులోలా గేరు తగ్గించి ఆపుదామని ఎడం చెయ్యి గేరు కర్ర కోసం వెతికింది. అక్కడ గుండ్రటి బొత్తం తప్ప ఏమీ లేదు. అప్పుడు తొక్కాడు బ్రేకు, రెండేళ్ళుగా తుప్పు తింటున్న బ్రేకు, తడి రోడ్డు మీద. నేను జారాను. ఎడమన లోయ. టీచరమ్మ కూర్చున్నది ఎడమనే. స్టీరింగ్ కుడికి తిప్పేసి, తన వైపుని కొండరాతికి ఇచ్చేశాడు.

ఆవిడకి మణికట్టు విరిగింది. అతని కుడి కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. నిపుణులొచ్చి నా జ్ఞాపకం అంతా వైరు పెట్టి లాక్కున్నారు. బండిలో లోపం లేదు, హెచ్చరిక ఇచ్చింది, డ్రైవరు చెరిపేశాడని రాశారు. ఒక్క అబద్ధం లేదు అందులో.

మణికట్టు కట్టుతో ఆవిడ బస్సులో నాలుగు వాయిదాలు వెళ్ళింది. ఐదోదానికి లేవలేకపోయింది. చివరివారం తాతారావుని చూడాలని కబురు పెడితే చంకకర్రల మీద పోయాడట. ఆ సంగతి నాతో అతనే చెప్పాడు. పోయిన నెల ఈ దొడ్డికొచ్చి, కుక్కని అదిలించకుండా, పక్కన రాయి మీద కూర్చుని చెప్పాడు. ఎవరితోనూ చెప్పుకోలేని మాట ఇనుముతో చెప్పుకోవడం మనుషులకి సులువు.

ఆవిడ తిట్టలేదట. ఆ పసుపు అక్షరాలు ఏమిటో తర్వాత ఎవరో చెప్పారు కాబోలు, ఒకటే అడిగిందట. "వెనకాలే ఉన్నాను కదా తాతారావూ. చదివి పెట్టమంటే పెట్టకపోదునా?"

"మీ ముందు ఇంగ్లీషు రాదనడానికి సిగ్గేసిందమ్మా," అన్నాడట.

ఆవిడ విరగని చేత్తో మంచం పక్కనున్న పలక తీసి, ఇంగ్లీషు 'ఏ' అక్షరం రాసి అతని ఒళ్ళో పెట్టిందట. దిద్దమంది. దిద్దుతుండగా నిద్రపోయింది. మళ్ళీ లేవలేదు.

ఇదంతా చెప్పి తాతారావు రాయి మీంచి లేచి వెళ్ళిపోయాడు. వాన మొదలైంది.