అద్దంలో వెనక సీటు

పోలీసు మాట్లాడటం ముగించాక కూడా టాక్సీ పెద్దాయన ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని కూర్చున్నాడు. నిన్న చీకటి పడ్డాక ఊరి బయటి రోడ్డు మీద ఆయన బండి గంటకు నూట డెబ్బై కిలోమీటర్ల వేగంతో పోయిందట. కెమెరాకు వెనక భాగమే చిక్కింది. నడిపిందెవరో ఇవాళ చెప్పాలి. ఆ మనిషికి లైసెన్సు పోతుంది, కోర్టు తప్పదు, జైలు కూడా పడొచ్చు. చెప్పకపోతే కేసు యజమాని మీదే.

ఆ బండి నడిపేది ఇద్దరే. పొద్దున ఆయన, మధ్యాహ్నం నుంచి బావమరిది.

"చీకటి పడకముందే బండి పెట్టేసి పడుకున్నాను బావా," అన్నాడు బావమరిది టీ చల్లార్చుకుంటూ. "నూట డెబ్బయ్యా? ఆ ముసలి బండికి అంత ఓపికుందని నాకిప్పుడే తెలిసింది."

"నవ్వులాటగా ఉందా?"

"మా తమ్ముడి మీద పడకండి," వంటగదిలోంచి భార్య అంది. "ఈ ఇంట్లో పాలు విరిగినా మీరు వాడి వంకే చూస్తారు."

కుర్రతనంలో బావమరిది బైకుతో గోడలు గుద్దిన సంగతి పెద్దాయన మరిచిపోలేదు. వీడే అనుకున్నాడు. అయినా ఒక మనిషి బతుకుతెరువు మీద కొట్టే మాట. దేవుడి ముందు నిలబడి అనగలనా? లేచి, ఇవాళ ఇంకా బయటికి తీయని బండి దగ్గరికి నడిచాడు. భార్యా, బావమరిదీ, కూతురూ వెనకే వచ్చారు.

వాళ్ళిద్దరికీ ఒక అలవాటుంది. దిగేవాడు సీటూ అద్దమూ ఎక్కేవాడికి సరిపెట్టి దిగాలి. బావమరిది ఆరడుగుల మనిషి. అయినా బావ కోసం సీటు ముందుకు జరపడం ఎన్నడూ మరవలేదు.

పెద్దాయన ఎక్కి కూర్చుంటే మోకాళ్ళు స్టీరింగుకు తగిలాయి. అద్దంలో వెనక రోడ్డు కనిపించలేదు. వెనక సీటు కనిపించింది. తనకంటే పొట్టివాళ్ళెవరో సర్దుకున్న అద్దం అది.

భార్యకు బండి నడపడం రాదు. కూతురికి ఈమధ్యే ఆయనే నేర్పించాడు.

"నిన్న బండి తీశావా అమ్మా?"

కూతురు తల దించుకుంది. "మామయ్య పడుకున్నాక. ఎంత పోతుందో ఒక్కసారి చూద్దామనిపించింది నాన్నా."

"దారిలో ఎవరైనా ఉన్నారా?"

"ఒకావిడ దాటబోయి వెనక్కి దూకింది. మొహం చూడలేదు. చేతిలో పచ్చ సంచి ఒక్కటే కనిపించింది."



"నేనే నడిపానని చెప్పెయ్ బావా," అన్నాడు బావమరిది. "పిల్లకు ముందు బోలెడు జీవితముంది. నన్ను అనుమానించడం నీకు కొత్తేం కాదుగా."

భార్య కళ్ళు కూడా ఆ మాటే అడుగుతున్నాయి.

రోజూ బండి తీసేముందు, ఎక్కినవాళ్ళను క్షేమంగా దించమని ఆయన దేవుడికి దండం పెట్టుకుంటాడు. బండి ముందు నడిచేవాళ్ళ కోసం ఎప్పుడైనా అడిగానా అనుకున్నాడు. అడిగినట్టు గుర్తు రాలేదు.

పోలీసు నంబరు నొక్కి ఫోన్ కూతురికిచ్చాడు. "నువ్వే చెప్పు. కోర్టుకైనా నీ పక్కనే వస్తాను."

అవతల ఎవరో ఎత్తారు. కూతురు గొంతు సవరించుకుంది. పెద్దాయన బావమరిది మొహం చూడలేక, అద్దం సర్దుకుంటున్నట్టు తల తిప్పుకున్నాడు.