మూడు నిమిషాల ఊపిరి

నేను ఒక నల్ల రబ్బరు మాస్కును. ఆపరేషన్ గదిలో మత్తు ఇచ్చే ముందు ముక్కూ నోరూ కలిపి మూసేదాన్ని. చెన్నై దగ్గర ఒక ఫ్యాక్టరీలో అచ్చు పోసి, అంచు చుట్టూ గాలి నింపి, అట్టపెట్టెలో పెట్టి గోదావరి జిల్లాలో ఒక నర్సింగ్ హోముకు పంపారు. అక్కడ పధ్నాలుగేళ్ళు చాకిరీ చేశాను. నా వాసన ఎవరికీ పడేది కాదు. నా వల్ల బతికి బట్టకట్టినవాళ్ళు కూడా లేచాక నన్ను తలుచుకున్న పాపాన పోలేదు.

నన్ను వాడేది మత్తు డాక్టరు సోమసుందరం గారు. కాన్పు ఆపరేషన్లకు చాలావరకు నడుముకు సూది సరిపోతుంది. అది పట్టనప్పుడు పూర్తి మత్తు ఇవ్వాలి. మత్తు ఎక్కాక, గొంతులో గొట్టం దిగేదాకా మనిషికి ఊపిరి ఉండదు. మామూలు మనిషైతే లోపల నిలవున్న గాలితో కాసేపు నెట్టుకొస్తాడు. నిండు గర్భిణి వల్ల కాదు. పొట్ట పైకి తోసి ఊపిరితిత్తులకు చోటు లేకుండా చేస్తుంది, ఉన్న కాస్తా ఇద్దరు వాడుకోవాలి. అందుకే ఆయన నన్ను వాళ్ళ మొహానికి బిగించి, గోడ గడియారం చూస్తూ మూడు నిమిషాలు ఆక్సిజన్ పట్టించేవారు. ఆపరేషన్ చేసే డాక్టరమ్మ ఎంత విసుక్కున్నా కదిలేవారు కాదు. ఆయన చేతిలో ఉన్నందుకు నాకు గర్వంగా ఉండేది. ఇప్పుడా మాట చెప్పుకోవాలంటే సిగ్గేస్తోంది.

నీలవేణి వచ్చింది ఒక గురువారం పొద్దున. ఇరవై రెండేళ్ళది, తొలి కాన్పు. అత్తగారు మంగతాయారు పంతులుగారి చేత ముహూర్తం పెట్టించుకుని వచ్చింది. తొమ్మిదీ పదిహేడు లోపు బిడ్డ బయటపడాలి, దాటితే వర్జ్యం. నడుముకు సూది రెండుసార్లు గుచ్చారు, పట్టలేదు. గడియారం తొమ్మిదీ పన్నెండు చూపిస్తోంది. సోమసుందరం గారు నన్ను అందుకున్నారు.

నీలవేణి నా లోపలి నుంచే అడిగింది. "డాక్టరు గారండీ, నేను మళ్ళీ లేత్తానా అండి?"

"ఎందుకు లేవవమ్మా, గట్టిగా పీల్చు," అన్నారాయన.

ఒక నిమిషం అయింది. ఎవరో తలుపు దబదబా బాదారు. "టైమైపోతందండీ బాబూ, తొరగా కానియ్యండి," అని అత్తగారి గొంతు. డాక్టరమ్మ గడియారం వంక చూసి, ఈ ఒక్కసారికి చాల్లెండి అంది. పధ్నాలుగేళ్ళుగా ఎవరి మాటకూ లొంగని మనిషి ఆ రోజు లొంగిపోయారు. నన్ను ఎత్తేసి మందు ఎక్కించారు.

గొట్టం దిగలేదు. కడుపుతో ఉన్నవాళ్ళకు గొంతు కాస్త వాచి ఉంటుంది. రెండోసారీ దిగలేదు. ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే మిషను కూత బొంగురుపోతూ వచ్చింది, నీలవేణి పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. అప్పుడు నన్ను మళ్ళీ ఆమె మొహాన అదిమారు. పిసరంత గాలి కూడా పక్కకు పోనివ్వకుండా పట్టుకున్నాను. అప్పటికే ఆలస్యమైంది. ఈలోగా డాక్టరమ్మ కోసేసింది. మగబిడ్డ తొమ్మిదీ పదహారుకి ఏడ్చాడు.

నీలవేణి చావలేదు. కళ్ళు తెరిచే ఉంటాయి, ఎవరినీ గుర్తుపట్టదు. బిడ్డను పక్కన పడుకోబెడితే చెయ్యి కదలదు. వాడి జాతకంలో మాతృస్థానం చాలా బలంగా ఉందని పంతులుగారు అన్నారట. గది తుడుస్తూ ఆయా చెప్పింది.

విచారణ కాగితంలో తప్పు నాది. మాస్కు రబ్బరు పాతబడి గాలి కారిందని రాసి, సోమసుందరం గారు కింద సంతకం పెట్టారు. ఇప్పుడు నేను నర్సింగ్ హోము వెనక, విరిగిన స్టాండ్ల మధ్య గోతంలో ఉన్నాను. పోనీలెండి, రబ్బరుకు పరువేమిటి.

కానీ సంతకానికి ముందు జరిగింది నాకొక్కదానికే తెలుసు. ఆయన ఒంటరిగా ఆపరేషన్ గదిలోకి వచ్చి తలుపు వేసుకున్నారు. నన్ను ఆక్సిజన్ గొట్టానికి తగిలించి తన మొహానికే బిగించుకున్నారు. ఎక్కడైనా కారుతోందేమోనని అంచు చుట్టూ వేలితో తడిమి చూశారు. ఎక్కడా కారలేదు. అయినా నన్ను తియ్యలేదు. గోడ గడియారం చూస్తూ పీలుస్తూనే ఉన్నారు. ఆయన కళ్ళ నీళ్ళు నా అంచు మీదుగా జారాయి. మూడు నిమిషాలూ నిండాయి.

ఎవరూ తలుపు తట్టలేదు.